బేరారు తాకట్టు, తార్నాక ఇల్లు

తాకట్టుకి మనవాళ్ల దగ్గర మాటలకేం కొదవ లేదు. బంగారమైతే కుదువ పెడతాం, హైదరాబాదులో గిర్వి పెడతాం. ఇల్లూ భూమీ అయితే తనఖా. ఉర్దూ దస్తావేజుల్లో అయితే రహన్. పొలాన్ని అప్పిచ్చినవాడి చేతికే ఇచ్చేసి, బాకీ తీరేదాకా పంట నువ్వే తినవోయ్ అంటే దాని పేరు భోగ్యం. ఇంగ్లీషువాడు ఇలాంటివన్నీ ఒకచోట చేర్చి ఆరు రకాలుగా విడగొట్టాడు. ఆస్తి బదిలీ చట్టం, 58వ సెక్షన్. బతుక్కి జావా, ఎస్‌క్యూఎల్ చాలనుకునే నాలాంటివాడు ఆ సెక్షన్ జోలికి ఎందుకెళ్లాడంటే, ఇంటి రిపేరు కోసం.

మా ఇల్లు తార్నాకలో ఉంది, యూనివర్సిటీ క్యాంపస్‌కి నడిచిపోయేంత దూరం. నాన్న క్యాంపస్‌లోనే ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. 1976లో జాగా కొన్నారు, 1981లో కింద మూడు గదులు, 1992లో పైన రెండు గదులు వేశారు. నలభై ఏళ్లు దాటిన స్లాబు, లోపల ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతోంది. వైరింగ్ సంగతి చెప్పక్కర్లేదు, గీజర్ వేస్తే ఫ్యాన్ నెమ్మదిస్తుంది. అమ్మకి మోకాళ్లు, కింద బాత్రూమ్ మార్చి తీరాలి. మేస్త్రీ కాకుండా ఇంజనీరు చేత ఎస్టిమేట్ వేయిస్తే ఇరవై రెండు లక్షలు తేలింది. అపార్ట్‌మెంట్ల బిల్డరుకి ఇచ్చేస్తే అసలు ఖర్చే ఉండదని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఇల్లు నాన్న పేరున ఉంది కాబట్టి అప్పులో ఆయన సంతకం తప్పదు. ఈఎంఐ నాది, కాయితాలు ఆయనవి. వడ్డీ ఎంత, ఎన్నేళ్లు అని ఆయన ఒక్క మాట అడగలేదు. అడిగింది వేరే.

"ఇచ్చుడు సరే. ఎప్పుడిస్తరు మళ్ల? నేనుంటే నాకిస్తరు, లేకుంటే ఎవరికిస్తరు? బేరార్ లెక్క గావొద్దు బిడ్డా."

బేరార్ అంటే ఏమిటో ఈ తరంలో చాలామందికి తెలియదు. అమరావతి (మనది కాదు, మహారాష్ట్రది), అకోలా, బుల్ఢానా, యవత్మాల్ జిల్లాలున్న ప్రాంతం. ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలో పత్తి పండే, డబ్బు పండే నేల. నా లెక్కలో ఈ ఊరి చరిత్రలో అతి పెద్ద తాకట్టు అదే. నాన్న తరం క్యాంపస్‌వాళ్లకి అది చాయ్ దగ్గర మాట్లాడుకునే విషయం. ఆ ఒక్క మాట పట్టుకుని నెల రోజులు చదివాను.

కథ కోఠిలో మొదలవుతుంది. ఉస్మానియావాళ్ల ఉమెన్స్ కాలేజీ నడిచిన పాత రెసిడెన్సీ భవనం తెలుసు కదా, 1810ల్లో ఆ చుట్టుపక్కలే విలియం పామర్ అనే ఆయన బ్యాంకు పెట్టాడు. తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి మొగలాయీ ఖాందాన్ బేగం. చందూలాల్ దివాణానికి ఎప్పుడూ డబ్బు కటకటే, పామర్ దగ్గర ఎప్పుడూ డబ్బు ఉండేది. వడ్డీ ఏడాదికి 24, 25 శాతం. ఇప్పటి క్రెడిట్ కార్డుల ముందు అదేం పెద్దది కాదనుకోండి :) 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్‌కాఫ్ ఆ లెక్కలు తవ్వి గొడవ చేశాడు. చివరికి ఆ అప్పు ఎలా తీరిందో చూడండి. ఉత్తర సర్కారుల మీద, అంటే మన కోస్తా జిల్లాల మీద, ఏటేటా నిజాంకి కంపెనీ కట్టాల్సిన పేష్కష్ ఒకటుండేది. 1823లో కంపెనీ ఆ హక్కుని ఒకేసారి సొమ్మిచ్చి కొనేసింది, ఆ సొమ్ము పామర్ బాకీ కిందికి పోయింది. కోఠి అప్పు తీర్చడానికి కోస్తా హక్కు అమ్మేశారన్నమాట. గుంటూరు, రాజమండ్రివాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పరు.

తర్వాత విక్కాజీ కుటుంబం అనే పార్శీ సాహుకార్లు వచ్చారు. వాళ్లు అప్పుకి పూచీగా పట్టుకున్నది బేరార్ శిస్తునే. అంటే ఇంగ్లీషువాళ్ల కన్నా ముందే ఆ నేల ఒకసారి భోగ్యానికి వెళ్లొచ్చింది. 1840ల్లో దివాణం వాళ్లని బయటికి పంపింది, కొన్నాళ్లకే వాళ్ల దుకాణం దివాలా తీసింది.

ఇంగ్లీషువాళ్ల బాకీకి కారణం బొల్లారం. సికింద్రాబాదులో ఉన్న సైన్యం 1800 ఒప్పందం ప్రకారం వచ్చింది, దానితో పేచీ లేదు. దానికి తోడు కంటింజెంట్ అని ఇంకో సైన్యం తయారైంది, బొల్లారం దాని ముఖ్య స్థావరం. ఆఫీసర్లు ఇంగ్లీషువాళ్లు, జీతాలు నిజాం ఖజానా నుంచి. ఒప్పందంలో లేని సైన్యానికి ఏటా లక్షలకి లక్షలు. ఖజానాలో లేనప్పుడు కంపెనీయే జీతాలిచ్చి పద్దు రాసుకునేది, ఆ పద్దు మీద వడ్డీ. మరి సికింద్రాబాద్ ఆబ్కారీ ఆదాయం మీరు తింటున్నారు కదా, అది తీసెయ్యండి అని హైదరాబాద్‌వాళ్లు వాదించేవారు. వినే నాథుడు లేడు. 1853 నాటికి ఆ బాకీ దగ్గర దగ్గర అరకోటికి చేరింది.

1853 మే 21న నాసిరుద్దౌలా సంతకం పెట్టాడు. బేరార్, రాయచూర్ దోఆబ్, నల్దుర్గ్ వైపు జిల్లాలు కంపెనీకి అప్పగింత. అటువైపు డల్హౌసీ గవర్నర్ జనరల్, కర్నల్ లో రెసిడెంటు. ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే దివాన్ సిరాజుల్ ముల్క్ చనిపోయాడు, అన్న కొడుకు సాలార్‌జంగ్ 24 ఏళ్లకి దివాన్ అయ్యాడు. కుర్రాడి చేతికి వచ్చింది ఖాళీ ఖజానా, తాకట్టులో ఉన్న జిల్లాలు.

1853 కాయితంలో ఒక మంచి మాట మాత్రం ఉంది. అప్పగించిన జిల్లాల జమా ఖర్చులు ఏటా నిజాంకి చూపించాలి, ఖర్చులు పోగా మిగిలింది ఇవ్వాలి. భోగ్యానికి ఇచ్చిన పొలానికి లెక్క అడిగినట్టే కదా, న్యాయమైన షరతే.

1857 గొడవల్లో హైదరాబాద్ ఇంగ్లీషువాళ్ల పక్కన నిలబడింది, దానికి బహుమానంగా 1860లో కొత్త ఒప్పందం వచ్చింది. రాయచూర్, నల్దుర్గ్ తిరిగిచ్చారు, సురపురం కలిపారు, 50 లక్షల బాకీ రద్దు చేశారు. పైకి బ్రహ్మాండంగా ఉంది. కానీ బేరార్ మాత్రం "ట్రస్టు"గా వాళ్ల దగ్గరే ఉంటుందట, కంటింజెంట్ ఖర్చుల కోసం. ఆ జిల్లాల లెక్కలు, జరిగినవి గానీ జరగబోయేవి గానీ, నిజాం అడగకూడదట. అప్పు లేదు, తాకట్టు ఉంది. స్టేట్‌మెంట్ అడిగే హక్కు కూడా పోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, పని అయిపోయినా లాక్ వదలని ప్రోగ్రాం అది, పైగా లాగ్ ఫైల్ కూడా చూడనివ్వదు.

అదే సమయంలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి మాంచెస్టర్ మిల్లులకి పత్తి కరువైంది. బేరార్ పత్తికి రెక్కలొచ్చాయి. మిగులు హైదరాబాదుకి ఎంత పంపాలన్నది మాత్రం పంపేవాడి దయ, ఎందుకంటే ఖర్చు రాసేదీ వాడే.

సాలార్‌జంగ్ వదల్లేదు. 1866 నుంచి అడుగుతూనే ఉన్నాడు. కంటింజెంట్ జీతాలకి భయమైతే వాటికి సరిపడా సొమ్ము ముందే మీ దగ్గర డిపాజిట్ చేస్తాం, జిల్లాలు ఇచ్చెయ్యండి అన్నాడు. పార్ట్ పేమెంటు కాదు, ఏకంగా ఫోర్‌క్లోజర్! కుదరదన్నారు. 1876లో ఇంగ్లండుకే వెళ్లాడు. దారిలో పారిస్ హోటల్లో మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది, అయినా లండన్ చేరాడు. విందులు ఇచ్చారు, గౌరవాలు చేశారు, బేరార్ ఇవ్వలేదు. 1883 ఫిబ్రవరిలో కలరాతో పోయాడు.

ఇక్కడ తారీఖులు గమనించండి. ఆయన పోవడానికి ఒక్క ఏడాది ముందు, 1882లో, అదే ప్రభుత్వం తన పాలనలోని జనానికి ఆస్తి బదిలీ చట్టం తెచ్చింది. అందులో 60వ సెక్షన్: బాకీ కట్టినవాడికి ఆస్తి విడిపించుకునే హక్కు. 62వ సెక్షన్: భోగ్యానికి ఇచ్చినవాడు స్వాధీనం తిరిగి పొందే హక్కు. 76వ సెక్షన్ అయితే చదువుతుంటే నవ్వొచ్చింది. తాకట్టు ఆస్తి చేతిలో ఉంచుకున్నవాడు రాబడీ ఖర్చూ స్పష్టంగా, పూర్తిగా, సరిగ్గా రాయాలట. తాకట్టు పెట్టినవాడు ఎప్పుడడిగినా ఆ లెక్కల నకళ్లు, వోచర్లు ఇవ్వాలట. ఒక రైతు ఇంకో రైతుకి ఎకరం భోగ్యం ఇస్తే వర్తించే న్యాయం, నాలుగు జిల్లాలు భోగ్యం పట్టినవాడికి వర్తించలేదు. సంధులకి ఆ చట్టం వర్తించదు, నిజమే. తెలియక రాయడం లేదు. కానీ న్యాయమంటే ఏమిటో తెలియక చేసిన పని కాదని మాత్రం ఈ చట్టమే సాక్ష్యం. భోగ్యం పెట్టిన ఆస్తిని విడిపించుకోవడానికి తాకట్టు తేదీ నుంచి గడువు లెక్క మొదలవదని మన సుప్రీంకోర్టు 2014లో తేల్చి చెప్పింది కూడా.

ఇక 1902. కర్జన్ హైదరాబాద్ వచ్చి మహబూబ్ అలీఖాన్‌తో మాట్లాడి వెళ్లాడు. ఆ ఏడాదే బేరార్ శాశ్వత లీజు అయిపోయింది, ఏటికి 25 లక్షలు. అందులోనూ పెద్ద భాగం కొన్నేళ్లపాటు పాత కరువు అప్పుల కింద పట్టుకున్నారు. ఉస్మాన్ అలీఖాన్ 1923లో తిరిగివ్వమని రాస్తే, 1926లో వైస్రాయ్ రీడింగ్ జవాబిచ్చాడు. సార్వభౌమాధికారం ముందు నీ సంధులేపాటి అన్నది దాని సారం. 1936లో బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని కాయితం మీద ఒప్పుకుని, ఆయన పెద్దకొడుక్కి ప్రిన్స్ ఆఫ్ బేరార్ అని బిరుదిచ్చారు. పరిపాలన మాత్రం వాళ్లదే. ఇల్లు బ్యాంకుది, నేమ్‌ప్లేట్ నీది.

అన్ని అప్పులూ ఇలాగే అయ్యాయని కాదు. తార్నాకకి ఇటువైపు లాలాగూడ ఉంది, రైల్వే వర్క్‌షాపు, క్వార్టర్లు. ఆ రైలు కంపెనీ పేరే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1883లో లండన్‌లో పుట్టిన కంపెనీ, వాటాదార్ల వడ్డీకి గ్యారంటీ హైదరాబాద్ ఖజానా. ఆ ఒప్పందం మీద అప్పట్లో పెద్ద అల్లరి అయింది, చాందా రైల్వే గొడవ అని వెతికితే దొరుకుతుంది. కానీ దానికి ఒక ముగింపు ఉంది. 1930 ఏప్రిల్ 1న సంస్థానం డబ్బు కట్టి రైల్వేని సొంతం చేసుకుంది.

అప్పుడు ఖజానా చూసింది అక్బర్ హైదరీ. ప్రతి శాఖకీ మూడేళ్లకి ఇంత అని బడ్జెట్ కట్టేసే పద్ధతి తెచ్చిన మనిషి. ఉర్దూలో యూనివర్సిటీ కావాలని 1917లో వినతిపత్రం రాసిందీ ఆయనే, 1930ల్లో బేరార్ సంప్రదింపులు నడిపిందీ ఆయనే. క్యాంపస్ కోసం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లని దేశదేశాలు తిప్పారు, ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్‌ని పట్టుకొచ్చారు. ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబర్ 4న తెరిచారు. ఆ మెట్ల మీద కూర్చుని ఫోటోలు దిగనివాడు తార్నాకలో ఉండడు. బేరార్ మీద మూడు తరాలు తిప్పలు పడ్డ ఖజానాయే అంత రాయి పేర్చిందంటే, ఆ తిప్పల్లో లెక్కలు రాయడం బాగా నేర్చుకుందని నాకనిపిస్తుంది.

ఆ క్యాంపస్‌లోనూ, పక్కనున్న ల్యాబుల్లోనూ, రైల్వేలోనూ ఉద్యోగం చేసినవాళ్లే తార్నాక, హబ్సిగూడ వీధుల్లో ఇళ్లు కట్టుకున్నారు. నాన్న తరానికి ఇంటి అప్పంటే ఉద్యోగుల సొసైటీయో, డిపార్టుమెంటు అడ్వాన్సో. మామూలు మనిషికి ఇంటి కోసమే అప్పిచ్చే కంపెనీ హెచ్‌డీఎఫ్‌సీ 1977లో గానీ పుట్టలేదు. దాని మొదటి అప్పు 1978లో, బొంబాయి మలాడ్‌లో ఒక ఇంటికి. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వచ్చింది 1988లో. నాన్న 1981 అప్పు సొసైటీది, తీరింది 1996లో. తీరాక కాయిదాలు చేతికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. గుమాస్తా సెలవు, బీరువా తాళం ఇంకొకరి దగ్గర, రిజిస్టర్ కనపడదు. ఆయన అడిగిన ప్రశ్న వెనక ఉన్నది ఒక్క బేరారే కాదు మరి.

ఇప్పుడు మా అప్పు సంగతి. చట్టంలోని ఆరు రకాల్లో బ్యాంకులు వాడేది ఎక్కువగా ఒక్కటే, హక్కు పత్రాలు అప్పగించడం ద్వారా తనఖా. ఇల్లు మన చేతిలోనే ఉంటుంది, కాయితాలు వాళ్ల చేతికి. ఇది 1783 నాటి ఒక లండన్ తీర్పు నుంచి వచ్చింది. మన దేశంలో మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి లాంటి రేవు పట్టణాలకే ఇచ్చారు, వర్తకులకి రిజిస్ట్రేషన్ తిరుగుడు లేకుండా రాత్రికి రాత్రి డబ్బు పుట్టాలని. తర్వాత ప్రభుత్వాలు నోటిఫై చేసుకుంటూ మిగతా ఊళ్లకి పెంచాయి. ఇందులో తమాషా ఏమిటంటే, పాత పద్ధతి ప్రకారం కాయితాలు ఇవ్వడమే తనఖా, రాతకోతలు కాదు. అందుకే మెమొరాండంలో "ఇస్తున్నాను" అని రాయరు, "ఫలానా రోజున ఇచ్చి ఉన్నాను" అని జరిగిపోయిన పనిలా రాస్తారు. ఇప్పుడు మన దగ్గర దాన్నీ రిజిస్టర్ చేయిస్తున్నారు, స్టాంపు డ్యూటీ అదనం.

మాది 1976 జాగా, ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. వెనకటిది మాన్యువల్‌గా తీయించాం. లింక్ డాక్యుమెంట్లలో ఒకటి ఉర్దూ, దానికి తర్జుమా. బ్యాంకు లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, ఇవన్నీ మూడు వారాలు. రిపేరు అప్పు ఒకేసారి చేతికివ్వరు, పని జరిగిన కొద్దీ విడతలుగా ఇస్తారు. పన్ను దగ్గర కూడా రిపేరు అంటే చిన్నచూపే, పాత పద్ధతిలో వడ్డీ మినహాయింపు కొనడానికీ కట్టడానికీ రెండు లక్షలైతే రిపేరుకి 30 వేలు.

ఒకే ఇంటి కాయితాలతో ఇద్దరి దగ్గర అప్పు తేకుండా 2011 నుంచి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ ఉంది, అప్పు తీరాక అందులో ఎంట్రీ తీయించుకోవడం మర్చిపోకండి. నాన్న ప్రశ్నకి జవాబు మాత్రం రిజర్వ్ బ్యాంక్ 2023 సెప్టెంబర్ సర్క్యులర్‌లో దొరికింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాయితాలు తిరిగివ్వాలి. ఆ జాప్యం వాళ్ల తప్పయితే రోజుకి 5,000 రూపాయలు మనకే కట్టాలి. పోగొడితే నకళ్లు తెప్పించే ఖర్చు వాళ్లదే, అందుకు ఇంకో 30 రోజులు. ఎక్కడ, ఎప్పుడు ఇస్తారో శాంక్షన్ లెటర్లోనే రాయాలి. అప్పు తీసుకున్న మనిషి చనిపోతే వారసులకి ఎలా ఇస్తారో ఆ విధానం ముందే తమ సైటులో పెట్టాలి. 2023 డిసెంబర్ 1 నుంచి అమలు. నాన్నకి చదివి వినిపిస్తే వారసుల ముక్క రెండుసార్లు చదివించుకున్నారు. "అమ్మ పేరు ముందు రాయించు, నీది తర్వాత" అన్నారు.

కాయితాలిచ్చే రోజున బ్యాంకు అమ్మాయి టైపు చేసి తెచ్చిన రసీదులో "సేల్ డీడ్ 1, లింక్ డాక్యుమెంట్లు 4, ప్లాను 1" అని ఉంది. నాన్న సంతకం పెట్టలేదు. ఒక్కో దస్తావేజుకి నంబరు, తారీఖు, ఎన్ని పేజీలు, ఉర్దూదా తెలుగుదా, ఒరిజినలా నకలా అన్నీ రాసి మళ్లీ ప్రింటు తీయమన్నారు. ఆ అమ్మాయి విసుక్కోలేదు, కూర్చోబెట్టి నీళ్లిచ్చి ఒక్కోటీ లెక్కపెట్టింది. నలభై నిమిషాలు పట్టింది. ఉర్దూ దస్తావేజు మూడు పేజీలనుకున్నాం, వెనక అతికించిన స్టాంపు కాయితంతో కలిపి నాలుగు తేలింది. అదీ రాయించాం.